పదో సంఖ్య

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. ఆయన తప్పు చేయరు. చేసే మనిషైతే ఏదో ఒకనాడు క్షమించేసి మంచిదాన్ననిపించుకుందును. పదహారేళ్ళ కాపురంలో నాకా అవకాశమే ఇవ్వలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే అది నా చెయ్యి, తక్కువైతే అదీ నా చెయ్యే. బండి తాళం కనబడకపోతే ఎవరో తీసేశారు, కనబడితే తనే జాగ్రత్తగా పెట్టారు. పెళ్ళైన కొత్తలో ద్రాక్షారామం వెళ్తూ దారి తప్పి ఊళ్ళన్నీ చుట్టి మధ్యాహ్నానికి గుడికి చేరితే, తలుపులు వేసి ఉన్నాయి. అప్పుడు కూడా ఆయన అన్న మాట, "గుడి టైమింగ్స్ సరిగ్గా పెట్టలేదు వీళ్ళు" అని. దేవుడితోనే అలా ఉంటే నాదెంత.

ఆయన పేరు ఫణీంద్ర. భీమవరంలో ఒక ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. పిల్లలు షార్ట్‌కట్ సార్ అంటారు. పదకొండుతో హెచ్చించడానికో షార్ట్‌కట్, వర్గమూలానికో షార్ట్‌కట్, పెళ్ళాం మాటకో షార్ట్‌కట్. మూడోదానికి సూత్రం చాలా సులువు, "ఊఁ" అంటే సరిపోతుంది. నేనూ బీయస్సీ లెక్కలే. తణుకులో చదివాను. పెళ్ళిచూపుల్లో ఆ ముక్క విని మా మావయ్యగారు అచ్యుతరామరాజుగారు, "లెక్కలకి లెక్కలు, సరిజోడు" అని మీసం మెలేశారు కూడా. ఆ తర్వాత ఈ ఇంట్లో నా డిగ్రీ గురించి ఎవరైనా మాట్లాడటం మళ్ళీ పోయినేడే విన్నాను. కాలేజీవాళ్ళని భోజనానికి పిలిచారు. ఆయన పై అధికారి శివరామకృష్ణగారు, నేను గోంగూర రొయ్యల గిన్నె పట్టుకుని వడ్డిస్తుంటే, "అమ్మా, మీరేం చదువుకున్నారు?" అని మర్యాదగా అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు. "మా ఆవిడా లెక్కలేనండీ. ఇప్పుడు కుక్కరు విజిల్స్ లెక్కపెడుతుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో వేడి గిన్నె ఉన్నప్పుడు చేయగలిగింది అదొక్కటే. శివరామకృష్ణగారు ఇంకాస్త గోంగూర వేయించుకున్నారు. ఏడాదైంది. ఆ మాట మాత్రం పళ్ళ సందున ఇరుక్కున్న పీచులాగా ఉంది. నాలిక ఖాళీగా ఉన్నప్పుడల్లా అక్కడికే వెళ్తుంది.

ఇదంతా ఎందుకంటే, మొన్న గురువారం పొద్దున్న టేబుల్ తుడుస్తుంటే ఆయన ఇడ్లీ ప్లేటు కింద ఒక కాగితం కనబడింది. డిసెంబరు ఇరవై రెండు, ఆదివారం, గణిత దినోత్సవం. వాళ్ళ కాలేజీలో పోటీ పరీక్ష. ప్రశ్నాపత్రం తయారుచేసింది మా ఆయన. అచ్చుకి ముందు చూసుకునే కాపీ మీద ప్లేటు పెట్టుకుని తిని, ఫోన్ రాగానే "ఓకే, వేసేయండి" అని ప్రెస్సువాడికి చెప్పి వెళ్ళిపోయారు. కాగితం మీద చట్నీ పడింది. తడిగుడ్డతో అద్దుతుంటే చట్నీ కింద నుంచి నలభయ్యో ప్రశ్న బయటపడింది.

1 నుంచి 9 దాకా అంకెలన్నీ ఒక్కొక్కసారే వాడి తొమ్మిదంకెల సంఖ్య రాయాలిట. దాని మొదటి రెండంకెలు 2తో, మొదటి మూడంకెలు 3తో, మొదటి నాలుగు 4తో, అలా పెంచుకుంటూ పోతే మొత్తం తొమ్మిదీ 9తో శేషం లేకుండా భాగింపబడాలిట. అలాంటి సంఖ్యలెన్ని? ఎ) సున్నా బి) ఒకటి సి) రెండు డి) పది. మా ఆయన ఎర్ర పెన్నుతో ఎ మీద టిక్కు పెట్టుకున్నారు.

ఆ టిక్కు చూశాక నాకు కాళ్ళలో ఏదో కదిలింది. కళాశాల రోజుల్లో జవాబు దొరకబోయే ముందు అలాగే అయ్యేది, కుర్చీలో కూర్చోలేకపోయేదాన్ని. నిజంగా సున్నాయేనా? తొమ్మిదంకెల్ని తిప్పి తిప్పి రాస్తే మూడు లక్షల అరవై రెండు వేల ఎనిమిది వందల ఎనభై సంఖ్యలొస్తాయి. అంతమందిలో ఒక్కటి కూడా పనికిరాదా? చేతికందిన ఏకైక కాగితం, గోడ మీది క్యాలెండర్‌లో అయిపోయిన నవంబరు నెల. చింపి, వెనక్కి తిప్పి, తొమ్మిది గదులు గీశాను.

ఐదో గది చూడగానే తేలిపోయింది. ఐదుతో భాగింపబడాలంటే చివర 5 ఉండాలి, సున్నా లేదు కాబట్టి. సరిసంఖ్య గదుల్లో, అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదిలో సరి అంకెలు కూర్చుంటాయి. బేసి గదుల్లో 1, 3, 7, 9. అంటే మూడు లక్షల చిల్లర సంఖ్యలు, పప్పు ఉడికేలోగా అయిదు వందల డెబ్భై ఆరుకి వచ్చేశాయి.

"అమ్మాయ్, చింతపండు నానబెట్టావా?" అత్తయ్యగారు సూర్యకాంతమ్మగారు వరండాలోంచి అడిగారు.

"ఆఁ, నానుతోందండీ," అన్నాను. నానుతున్నది నాలుగో గది. మూడో గదిలో బేసి అంకె ఉంటే, నాలుగుతో భాగింపబడటానికి నాలుగో గదిలో 2 గానీ 6 గానీ ఉండాలి. 4, 8 అక్కడ ఇమడవు. ఎనిమిదో గదికీ అదే గతి. ఆ రెండు గదులూ 2, 6 పంచుకున్నాక 4, 8 మిగతా రెండు గదుల్లోకి పోతాయి. ఇక మూడుతో భాగింపబడాలన్న నియమం పట్టి చూస్తే నడుమ మూడు గదుల్లో 258 ఉండాలి, కాకపోతే 654. ఇంకేం ఉండటానికి వీల్లేదు! చింతపండు నిజంగానే నానబెట్టి, చేతులు చీర చెంగుకి తుడుచుకుని మళ్ళీ వచ్చాను. నవ్వొస్తోంది నాకు. ఎవరూ ఏమీ అనకుండానే నవ్వొస్తోంది. పదహారేళ్ళుగా అటక మీద పడేసిన హార్మోనియం దించి నొక్కితే మెట్లన్నీ పలికినట్టుంది.

పదకొండున్నరకి పది సంఖ్యలు మిగిలాయి. మూడు లక్షల అరవై రెండు వేలలోంచి పది. ఈ పదిమందికీ ఇంక ఒకే ఒక్క పరీక్ష ఉంది, ఏడు. మొదటి ఏడంకెలూ ఏడుతో పోవాలి. ఏడుకి ఏ దయా లేదు. రెండుకి చివరంకె చాలు, మూడుకి కూడిక చాలు, ఏడు మాత్రం కూర్చోబెట్టి మొత్తం భాగహారం చేయిస్తుంది. చేశాను. ఒకటి పోయింది, శేషం 6. ఇంకోటి, శేషం 2. తర్వాతది 5. 2. 4. 5. నా గుండె ఒక్కొక్క శేషానికీ ఒక మెట్టు దిగుతోంది. 6. 2. చివరిది, మళ్ళీ 6. అన్నీ పోయాయి.

సున్నా. మా ఆయన టిక్కే కరెక్టు. మళ్ళీ.

అప్పుడే మరిడమ్మ వచ్చింది. మొగల్తూరు వైపు నుంచి వారానికి రెండుసార్లు ఆటోలో చేపలు తెస్తుంది. పండుగప్ప. పెరట్లో కూర్చుని కత్తిపీట మీద కోసి ముక్కలు గిన్నెలో వేస్తుంటే అత్తయ్యగారు పక్కన నిలబడి పంపకం చెబుతున్నారు. అది ఆవిడ అలవాటు. చేప పొయ్యి మీదికి ఎక్కకముందే ఎవరికెన్నో తేలిపోవాలి.

"తల, తోక తీసేస్తే పదమూడు ముక్కలు. మీ మావయ్యకి నాలుగు, వాడికి నాలుగు, పిల్లదానికి మూడు, నాకు రెండు. నలుగురం, సరిగ్గా సరిపోయాయి," అన్నారు తృప్తిగా.

మరిడమ్మ కత్తిపీట మీంచి తలెత్తింది. "మరి సిన్నమ్మగారికోనండీ?"

"అదెలాగూ వండేదే కదే. తలా తోకా పులుసులో వేసుకుని సర్దుకుంటది," అన్నారు అత్తయ్యగారు. ఆ మాటలో కోపం లేదు, కసి లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పారు. ఆవిడ కోడలుగా ఉన్నప్పుడు ఆవిడా తలా తోకే తిన్నారు. అత్తగారయ్యాక రెండు ముక్కలకి వచ్చారు. ఈ ఇంట్లో ఎవరినడిగినా ఇంటికి నలుగురం అనే అంటారు. కంచాలు పెట్టేటప్పుడు నేనూ నాలుగే పెడతాను. వండే మనిషి ఎప్పుడూ లెక్కకి ముందే ఉంటుంది కాబట్టి లెక్కలోకి రాదు.

లెక్కకి ముందే ఉంటుంది కాబట్టి.

గిన్నె అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాను. "ఏంటే అది, పిల్లి వస్తుందే!" అని అత్తయ్యగారు అరుస్తున్నారు. నవంబరు కాగితం తీసి చూశాను. ఏడుతో భాగించిన వరసలో కొట్టివేతలు తొమ్మిది. పది కాదు. తొమ్మిది! మరి పదోది? పైన, అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో ఉంది. మిగతావి ఎలా రాయాలో తెలియడానికి నమూనాగా మొట్టమొదట రాసుకున్న సంఖ్య. దాన్ని చూసి అన్నిటినీ రాశాను, దాన్ని మాత్రం పరీక్షకి పిలవలేదు. మా అత్తగారిని ఏమనగలను? నేను కూడా అచ్చం ఈ ఇంటి లెక్కే వేశాను.

3816547. నిలబడే చేశాను. ఏడైదులు ముప్పై అయిదు, మూడు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, మూడు. అయిదు. రెండు. రెండు. చివర ఏడు మిగిలింది, ఏడు ఒకట్ల ఏడు.

శేషం సున్నా.

ఫ్రిజ్‌కి వీపు ఆనించి నిలబడ్డాను. 381654729. ఉంది. ఒకే ఒక్కటి ఉంది, ఇంకోటి ఉండే వీలు లేదు, ఆ వీల్లేకపోవడం కూడా నా చేతి కింద కాగితం మీదే ఉంది. చివర సున్నా తగిలిస్తే పదితో కూడా పోతుంది! మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను, పేరు పెట్టి పిలుచుకున్నట్టు. మొదట 3, ఒక్కరే. పక్కన 8 వచ్చి చేరింది, 38, ఇద్దరికీ సమంగా పందొమ్మిది. ఇంకొకరొచ్చారు, 381, ముగ్గురికీ నూట ఇరవై ఏడు. మనిషి పెరిగినప్పుడల్లా అందరికీ సమానంగా అందుతోంది. ఎవరికీ తోక మిగలడం లేదు. ఎంత మంచి ఇల్లు అది, అనుకున్నాను. ఆ రాత్రి భోజనాలకి కంచాలు అయిదు పెట్టాను. పండుగప్ప ముక్కలు రెండు నా కంచంలో వేసుకున్నాను. అత్తయ్యగారు చూశారు. గిన్నెలోకి రెండుసార్లు తొంగిచూశారు.

అంతకుముందే, సాయంత్రం ఆయన రాగానే టీ కప్పుతో పాటు సంఖ్యని కూడా ఇచ్చాను. "ఏవండీ, నలభయ్యో ప్రశ్నకి జవాబు సున్నా కాదండీ. ఒకటుంది."

ఆయన కాగితం వైపు చూడలేదు. ఫోన్ వైపు చూస్తున్నారు. "యూట్యూబ్‌లో చూశావా?"

"లేదండీ, చేశాను."

"ఇలాంటివి చేత్తో తేలేవి కాదు ఇందూ. నేను చూశాగా. షార్ట్‌కట్‌లో మొత్తం పది నిమిషాల్లో తేల్చేశాను."

"ఒక్కసారి ఈ భాగహారం చూడండి, ఏడంకెలే."

"పేపరు ప్రెస్సుకి వెళ్ళిపోయింది."

"కీ మీ దగ్గరే ఉందిగా. మార్చుకోవచ్చు."

"మార్చాల్సిన అవసరమేంటి?" అన్నారాయన. నిజంగానే అర్థంకాక అడిగారు. తర్వాత కాగితం తీసుకుని, దాని మీద టీ కప్పు పెట్టారు.

నాకు కోపం రాలేదు. నమ్మండి. కోపం వచ్చే చోట ఇంకేదో వచ్చింది, చిన్నప్పుడు గోడ దూకి పక్కింటి జామకాయలు కోసే ముందు వచ్చేదే. మర్నాడు బట్టలు నానబెడుతూ అలవాటుగా ఆయన చొక్కా జేబులు తడిమాను. మామూలుగా బస్ టికెట్లు, చాక్‌పీసు ముక్కలు ఉంటాయి. ఈసారి నాలుగు మడతల కాగితం. నలభయ్యో ప్రశ్నకి ఆయన చిత్తు. లెక్కంతా బాగానే చేశారు, నిజం చెప్పాలి, నా దారినే వచ్చారు. చివర్లో తొమ్మిది సంఖ్యలు, తొమ్మిదింటి మీదా కొట్టివేత. 183తో మొదలయ్యేది ఉంది. 381తో మొదలయ్యేది లేదు. మిగతావి తిప్పి రాసినా, ఇక్కడ మాత్రం మూడూ ఒకటీ కలిపినా, ఒకటీ మూడూ కలిపినా నాలుగే కదా అనుకుని ఒక్కటే రాశారు. కూడికకి ఎవరు ముందో ఎవరు వెనకో పట్టదు. సంఖ్యకి పడుతుంది.

చిత్తు కాగితాన్ని మడతలు చెదరకుండా ఆయన టేబుల్ మీద పెట్టేశాను. తర్వాత మా అమ్మాయిని పిలిచాను. తొమ్మిదో తరగతి. ఆదివారం పోటీ ప్రకటన దాని ఫోన్‌లో ఉంది. కింద చిన్న అక్షరాలతో, 'తల్లిదండ్రులు కూడా పాల్గొనవచ్చు' అని ఉంది. కొత్త అడ్మిషన్ల కోసం పెట్టిన ముచ్చట అది. పెద్దగా ఎవరూ రారు.

"పేరు నమోదు చెయ్యి," అన్నాను.

"ఎవరిదమ్మా?"

"నాది."

అది నన్నొకసారి కింద నుంచి పైకి చూసింది. "నాన్నకి తెలుసా?"

"ఆదివారం తెలుస్తుంది."

అత్తయ్యగారికి శనివారం చెప్పాను, రేపు పరీక్ష రాయడానికి వెళ్తున్నానని. "పరీక్షేంటి ఈ వయసులో! మరి వంటో?" అన్నారు. "నలుగురే కదండీ అత్తయ్యగారూ, సర్దుకోవచ్చు," అన్నాను. ఆవిడ లేచి పప్పు డబ్బా మూత తీసి చూసుకున్నారు. అప్పుడు, "పప్పుచారు పెడతాలే," అన్నారు. గొంతులో చిత్రంగా నవ్వుందో, నాకే అలా అనిపించిందో.

ఆదివారం తల్లిదండ్రుల విభాగంలో నలుగురం కూర్చున్నాం. ముగ్గురు నాన్నలు, నేను. మా ఆయన స్టేజీ దగ్గర హడావుడిగా ఉన్నారు, వెనక బెంచీలవైపు చూసే తీరిక లేదు. పేపరిచ్చారు. ముప్పై తొమ్మిది ప్రశ్నలకీ జవాబులు రాయకుండా వదిలేశాను. పేపరు ముందే చూసినదాన్ని, న్యాయం న్యాయమే. నలభయ్యోదానికి మాత్రం బి అని పెట్టి, గంటసేపు కిటికీలోంచి చేపల చెరువులో తిరుగుతున్న ఏరేటర్ చక్రాలని చూస్తూ కూర్చున్నాను. అవి నీళ్ళని చిలుకుతున్నాయి.

పరీక్షయ్యాక అందరి ముందూ కీ చదవడం వాళ్ళ ఆనవాయితీ. మా ఆయన మైకు పట్టుకుని ఒక్కొక్కటీ చదివారు. "నలభై. ఎ. సున్నా. అలాంటి సంఖ్య లేదు." మూడొందల మంది పిల్లల్లో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు నాలిక్కరుచుకున్నారు. "అభ్యంతరాలుంటే పూర్తి సాధనతో రాసివ్వండి," అన్నారు శివరామకృష్ణగారు.

లేచాను. బెంచీల మధ్య ఆ దారి మా వంటింటి నుంచి వరండా దాకా ఉన్నంతే. చాలా దూరం అనిపించింది. నవంబరు నెల శివరామకృష్ణగారి చేతిలో పెట్టాను. ఆయన ముందు తిథి వార నక్షత్రాలు చూసి తికమకపడి, వెనక్కి తిప్పారు. పెదాలు కదుపుతూ చదివారు. రెండోసారి చదివారు. "ఫణీంద్రగారూ, ఇది కాస్త చూడండి."

మా ఆయన కాగితం అందుకున్నారు. గుండ్రటి టీ కప్పు మరక చూశారు. పసుపు వేలిముద్ర చూశారు. అప్పుడు తలెత్తి నన్ను చూశారు. "ఇది... అచ్చుతప్పు అయ్యుంటుందండీ," అన్నారు మైకులో.

"అచ్చుతప్పు కాదు సార్," అన్నాను. పదహారేళ్ళలో ఆయన్ని సార్ అనడం అదే మొదలు. భలే ఉంది ఆ మాట. "మీరు 183 చూశారు సార్. 381 చూడలేదు."

ఎక్కడో ఒక పిల్ల కిసుక్కుమంది. "బోర్డు మీద చేసేయండి, పోయేదేముంది," అన్నారు శివరామకృష్ణగారు తాపీగా.

ఆయన చాక్‌పీసు తీసుకున్నారు. 3816547. షార్ట్‌కట్ వాడలేదు. చిన్నపిల్లాడిలా, వరసగా, కింద కింద రాసుకుంటూ భాగించారు. ముప్పై ఎనిమిదిలో అయిదు. ముప్పై ఒకటిలో నాలుగు. పిల్లలు కూడా పైకి చెప్పడం మొదలుపెట్టారు. ముప్పై ఆరులో అయిదు! పదిహేనులో రెండు! పధ్నాలుగులో రెండు! చివరి ఏడు కిందకి దించేటప్పుడు ఆయన చెయ్యి ఆగింది. నాకు ఆ వీపు తెలుసు. దారి తప్పినప్పుడు, తాళం పోయినప్పుడు ఎలా బిగుసుకుంటుందో తెలుసు. ఇప్పుడేదో ఒక కారణం దొరుకుతుంది, చాక్‌పీసు బాగాలేదనైనా అంటారు, అనుకున్నాను.

ఏడు ఒకట్ల ఏడు. శేషం సున్నా అని రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

మైకు దగ్గరికొచ్చారు. "తప్పు నాదేనండీ," అన్నారు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నారు, వెనక బెంచీలకి కూడా వినబడేట్టు. "183 చూశాను, 381 చూడలేదు. నలభయ్యో ప్రశ్నకి జవాబు బి. ఒక్కటే ఉంది. వేరేది లేదని కూడా ఈ కాగితంలో ఉంది."

శివరామకృష్ణగారు నా వైపు తిరిగారు. "ఎవరమ్మా మీరు? ఎక్కడో చూసినట్టుంది." చేతిలో గోంగూర గిన్నె లేదు కదా, గుర్తుపట్టలేదు.

నేను చెబుదామనుకున్నాను. ఈసారి కూడా మా ఆయనే అందుకున్నారు. "మా ఆవిడండీ, ఇంద్రజ. పోయినేడు మా ఇంట్లో మీతో అన్నానే, విజిల్స్ లెక్కపెడుతుందని." మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పక్కన పెట్టేయొచ్చు. పెట్టలేదు.

"అదీ తప్పేనండీ."